పిల్లి ఉన్న ఇంటికి మొదటి కుక్క

పిల్లిని పెంచుతున్న కుటుంబం మొదటిసారి కుక్కను కూడా తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్న ఏ జాతి కుక్క మంచిదన్నదే. అయితే అంతకు ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ ఇంట్లో ఏ గుమ్మానికి చెంప రుద్దాలో, ఏ కిటికీలో ఏ వేళకు ఎండ పడుతుందో, ఎవరు వచ్చినప్పుడు ఎక్కడ దాక్కోవాలో అన్నీ స్థిరపరచుకున్న ప్రాణి ఒకటి ముందునుంచే కాపురం ఉంటున్నది. కొత్తగా వచ్చిన కుక్క మనుషులకు నచ్చకపోతే వారు ఆ మాట చెప్పగలరు, దాన్ని కట్టివేయగలరు, తలుపు వేసుకోగలరు. పిల్లికి నచ్చకపోతే అది బీరువా మీదికో మంచం కిందికో చేరి తిండి మానుకోవడం తప్ప చేయగలిగింది లేదు. కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో కుక్క ఎంపిక పిల్లి పక్షాన నిలబడి చేయవలసిన పని అన్నది ఈ ప్రసంగంలో ప్రతిపాదిస్తున్న ప్రధాన విషయం.

కుక్కకూ పిల్లికీ పుట్టుకతోనే వైరం ఉన్నదని లోకంలో బలంగా నాటుకున్న నమ్మకం. జంతు ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పేది ఇందుకు కొంత భిన్నంగా ఉంటుంది. కుక్కకు మూలం తోడేలు. అది గుంపుగా తిరిగి, పారిపోయే జంతువును తరిమి పట్టుకునే వేటగాడు. పెంపుడు పిల్లికి మూలం పశ్చిమాసియాలోనూ ఉత్తరాఫ్రికాలోనూ తిరిగే అడవిపిల్లి. అది ఒంటరిగా పొంచి ఉండి చిన్న ప్రాణుల మీద దూకే వేటగాడు, అదే సమయంలో తనకంటె పెద్ద జంతువుల నోట పడే అవకాశం ఉన్నది కనుక అపాయం కనిపించగానే ఎత్తుకు ఎక్కడమో, సందులో దూరడమో దాని రక్తంలో ఉన్న గుణం. కుక్క మనిషిని ఆశ్రయించి పద్నాలుగు వేల ఏళ్లకు పైబడింది. పిల్లి మనిషి చెంతకు చేరిందనడానికి దొరికిన పాత ఆధారాలలో ఒకటి సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల నాటి మనిషి సమాధి పక్కనే బయటపడిన పిల్లి అస్థిపంజరం. ఈ రెండు ప్రాణుల మధ్య తగవుకు కారణం ద్వేషం కాదు. ఒకటి పరుగెత్తితే రెండవది తరుముతుంది, తరిమితే మొదటిది మరింత పరుగెత్తుతుంది. ఈ చక్రం మొదలు కాకుండా చూడగలిగితే రెండూ ఒకే కప్పు కింద నిశ్చింతగా బతకగలవు, చాలా ఇళ్లలో బతుకుతున్నాయి కూడా.

అందువల్ల కుక్కను ఎంచుకునేవారు మొదట గ్రహించవలసినది వేటక్రమం అనే భావన. తోడేలు వేట ఒకే చర్య కాదు, వరుసగా జరిగే అనేక చర్యల గొలుసు: ముందుగా జంతువు ఉనికిని పసిగట్టడం, పిదప చూపు తిప్పకుండా దాన్నే చూడడం, ఒంగి పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, విదిలించి చంపడం, చివరకు చీల్చి తినడం. మనిషి వేల ఏళ్లపాటు తనకు కావలసిన పనికి తగిన కుక్కలనే మళ్లీ మళ్లీ ఈనిస్తూ వచ్చినందువల్ల ఈ గొలుసులో కొన్ని కొలికులు ఒక జాతిలో బలపడ్డాయి, మరికొన్ని సడలిపోయాయి. ఈ వివరణను విస్తృత ప్రచారంలోకి తెచ్చినవారిలో అమెరికా జీవశాస్త్రజ్ఞుడు రేమండ్ కాపింజర్ ముఖ్యుడు. గొర్రెల మందను అదుపు చేసే బార్డర్ కోలీ వంటి కుక్కలో తదేకంగా చూడడం, పొంచడం, తరమడం తీవ్రంగా ఉంటాయి గాని పట్టి కరిచే కొలికి అణగి ఉంటుంది. కలుగులలోని జంతువులను చంపడానికి తయారైన టెరియర్లలో పట్టి విదిలించే కొలికి పదునుగా ఉంటుంది. వేటగాడు కాల్చి పడగొట్టిన నీటిపక్షిని నలగకుండా నోట కరచి తెచ్చి ఇవ్వవలసిన లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులలో పట్టుకునే కోరిక ఎంత ఉన్నా పట్టు మెత్తగా ఉండేట్టు ఏరికలు జరిగాయి. పిల్లి ఉన్న ఇంటికి లాబ్రడార్‌ను తరచుగా సూచించడానికి ఆధారం దాని మంచితనం గురించిన కథలకంటె ఈ చరిత్రే.

అయినా లాబ్రడార్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. నాలుగు కిలోల పిల్లి ముందు ఎదిగిన లాబ్రడార్ ముప్పై కిలోల బరువు తూగుతుంది. అది రెండేళ్ల వయసు దాకా మనసులో పసిపిల్లగానే ఉండి, ఆడుకుందామనే ఉత్సాహంతో మీదికి దూకినప్పుడు దాని ఉద్దేశం ఎంత మంచిదైనా పిల్లి నడుము భద్రంగా ఉంటుందన్న హామీ లేదు. రోజుకు రెండుసార్లు దాన్ని బయట నడిపించి అలసట కలిగించలేని ఇల్లు, పిల్లి సంగతి పక్కన పెట్టినా, లాబ్రడార్‌కు తగిన ఇల్లు కాదు.

తెలుగు నేలకు సొంతమైన కుక్కల గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవడం న్యాయం, ఎందుకంటే దేశవాళీ జాతుల మీద ఈ మధ్య పెరిగిన ఆదరం సంతోషించదగినదే అయినా, ఆ ఆదరంలో ఆయా కుక్కలు ఏ పనికి పుట్టాయన్న విచారణ తక్కువగా కనిపిస్తున్నది. కొల్లేటి పరిసరాలలోని జోనంగి పొట్టి వెంట్రుకలతో, ముడతలు పడిన ముఖంతో, మొరగడానికి బదులు సాగదీసిన కూత వంటి ధ్వనితో, నేలలో గుంట తవ్వుకుని పడుకునే అలవాటుతో ప్రత్యేకంగా కనిపించే కుక్క. కొల్లేటి రైతులు దీన్ని బాతుల మందలను కాయడానికీ, చిన్న జంతువుల వేటకూ కూడా వాడుకున్నారు. చేపల చెరువులు విస్తరించి బాతుల పెంపకం తగ్గిన కొద్దీ దానికి పని తగ్గి, సంఖ్య కూడా పలచబడింది. బాతును కరవకుండా మళ్లించగల కుక్క పిల్లిని కూడా ఏమీ చేయదని ఊహించడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే బాతుల మందతో పెరిగిన అలవాటు బాతులకే పరిమితం, చిన్న ప్రాణిని తరిమే వేట గుణం దానిలో పక్కనే ఉంది. పైగా జోనంగి సాధారణంగా ఒక్క మనిషికే అంటిపెట్టుకునే స్వభావం గలది. పెరడు, పొలం ఉన్న ఇంట్లో, పసితనం నుంచే పిల్లితో పెరిగితే అది చక్కగా ఒదగవచ్చు గాని, కుక్కను మొదటిసారి చూస్తున్న అపార్ట్‌మెంటు కుటుంబానికి అది సులువైన ఎంపిక కాదు. కర్నూలు జిల్లా పందికోన గ్రామం పేరుతో ప్రసిద్ధమైన కుక్కలు కాపలాకూ వేటకూ పేరు మోసినవి. వాటి పౌరుషాన్ని గౌరవించేవారు వాటిని పిల్లి తిరిగే హాలులోకి తెచ్చి పరీక్షకు పెట్టకూడదు.

పొరుగు రాష్ట్రాల వేటకుక్కలకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. కర్ణాటకలోని ముధోల్, తమిళనాడులోని చిప్పిపారై చూపుతో వేటాడే కుక్కలు. అంటే వాసన పట్టుకుని నెమ్మదిగా వెళ్లే బదులు, దూరాన కదిలిన దాన్ని కంటితో చూసి మెరుపు వేగంతో అందుకునేవి. ఇంట్లో ఎంతో సౌమ్యంగా పడుకునే ముధోల్ కూడా పెరట్లో పిల్లి ఒక్కసారి పరుగందుకుంటే ఆలోచనకు ముందే కాళ్లు కదిపే ప్రాణి, ఆ వేగం ముందు యజమాని పిలుపు అందే సమయం ఉండదు. ఈ కుక్కల ఘనతకు తపాలా శాఖ 2005లో ముధోల్, రాజపాళయం, రాంపూర్, హిమాలయన్ కుక్కల బొమ్మలతో బిళ్లలు విడుదల చేయడం ఒక గుర్తింపు. ఆ ఘనతను తక్కువ చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. అవి పుట్టిన పనికీ పిల్లి ఉన్న చిన్న ఇంటికీ పొంతన కుదరడం కష్టమని మాత్రమే చెప్పవలసి ఉంది.

నగరాల్లో ఎక్కువగా కనిపించే మిగిలిన జాతులలో పగ్, షీట్జూ మనుషుల ఒడిలో కూర్చోవడానికే తయారైన తోడు కుక్కలు కనుక వాటిలో తరిమే గుణం తక్కువ. కాని పగ్ కళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి, భయపడిన పిల్లి విసిరే పంజా సరిగ్గా అక్కడే తగిలి కంటిపొర చీరుకుపోయే ప్రమాదం ఉంది. అంతేకాక ముక్కు అణగి ఉన్నందువల్ల తెలుగు నేల వేసవి దానికి ఊపిరాడనివ్వదు. పమేరియన్ పేరుతో ఇళ్లలో పెరిగే తెల్లని స్పిట్జ్ కుక్కలకు బరువు తక్కువ, తెలివి ఎక్కువ, అరుపు మరీ ఎక్కువ. పిల్లి చప్పుడుకు బెదిరేదైతే ఆ అరుపే ఒక శిక్ష అవుతుంది. కలుగులోకి దూరి జంతువును పట్టడానికి తయారైన డాష్‌హండ్ పొట్టి కాళ్లను చూసి సాధువని భావించడం పొరపాటు.

వీధిలో పుట్టిన ఊరకుక్కను దత్తత తీసుకోవడం పుణ్యమూ వివేకమూ కలిసిన పని. అయితే ఊరకుక్కలకు ఒకే స్వభావాన్ని అంటగట్టడానికి వీలు లేదు. ఏ ఒక్క పనికీ ఎవరూ ఏరి పెంచినవి కాకపోవడం వల్ల వాటిలో పిల్లిని చూసి ముఖం తిప్పుకునేదీ ఉంటుంది, గుంపుతో కలిసి వీధి పిల్లులను చంపడం నేర్చినదీ ఉంటుంది. కాబట్టి అక్కడ చూడవలసినది జాతిని కాదు, ఎదురుగా ఉన్న ఆ ఒక్క కుక్కను.

నిజానికి జాతికుక్కల విషయంలో కూడా ఈ సూత్రం చాలావరకు వర్తిస్తుందని 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల సమాధానాలను, వాటిలో కొన్ని కుక్కల జన్యు సమాచారంతో కలిపి పరిశీలించినప్పుడు, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వల్ల వివరించగలిగిన భాగం సుమారు 9 శాతం మాత్రమేనని తేలింది. దీనివల్ల జాతి చరిత్ర వ్యర్థమని అర్థం కాదు; ఏ కుక్కలో ఏ గుణం కోసం జాగ్రత్తగా వెతకాలో ఆ చరిత్ర చెబుతుంది, ఆ గుణం ఈ కుక్కలో ఎంత ఉన్నదో కుక్కను చూసే తెలుసుకోవాలి.

చూడడం అంటే ఏమి చూడాలి? సంరక్షణ కేంద్రంలోనో, మునుపటి యజమాని ఇంట్లోనో ఉన్న ఎదిగిన కుక్కను ఎంచుకునేటప్పుడు, దాన్ని గట్టి పట్టీతో పట్టుకుని, పిల్లి భద్రంగా, తప్పించుకునే దారితో, కనీసం పది పదిహేను అడుగుల దూరాన కనిపించేట్టు చేసి కుక్క శరీరాన్ని గమనించాలి. పిల్లిని బోనులో పెట్టి కుక్క ముందుకు తేవడం పిల్లి పట్ల క్రూరత్వమే గాక, బోనులో బెదిరి ముడుచుకున్న పిల్లి ముందు కుక్క చూపిన ప్రవర్తన ఇంట్లో పరుగెత్తే పిల్లి ముందు చూపబోయే ప్రవర్తనకు సాక్ష్యం కాదు. కుక్క పిల్లిని చూసి, వెంటనే చూపు తిప్పి, నేలను వాసన చూసి, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి, చేతిలోని బిస్కెట్టు ముక్క తీసుకుంటే అది శుభలక్షణం. శరీరం కొయ్యబారి, నోరు మూసుకుపోయి, చెవులు ముందుకు నిలిచి, కళ్లు రెప్ప వేయకుండా పిల్లి మీదే నిలిచిపోయి, ముక్కు దగ్గర పెట్టిన మాంసం ముక్క వాసన కూడా తెలియని స్థితిలోకి వెళితే, అది ఇందాక చెప్పిన వేటక్రమంలో రెండవ కొలికి మొదలైనదన్న మాట. మొరిగి గంతులు వేసే కుక్కకంటె చడీచప్పుడు లేకుండా బిగుసుకుపోయే కుక్క పిల్లికి ఎక్కువ ప్రమాదకరమని అనుభవం లేని కుటుంబాలు గ్రహించవు, నిశ్శబ్దాన్ని సాధుత్వమని పొరబడతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకున్నా ఎన్నో పిల్లుల ప్రాణాలు నిలుస్తాయి.

కుక్కపిల్లను తెచ్చుకునేవారికి వయసే పెద్ద సహాయం. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో దీర్ఘకాలం పరిశోధించిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో ప్రచురించిన గ్రంథంలో, కుక్కపిల్ల జీవితంలో సుమారు మూడవ వారం నుంచి పన్నెండవ వారం వరకు ఒక కీలక దశ ఉంటుందని నిరూపించారు. సాంఘికీకరణ దశ అని పిలిచే ఈ కాలంలో ఏయే ప్రాణులతో మంచి పరిచయం కలుగుతుందో వాటిని కుక్కపిల్ల తనవాళ్లుగా లెక్క వేసుకుంటుంది. పిల్లిపిల్లలకు ఈ దశ ఇంకా ముందే, సుమారు రెండవ వారం నుంచి ఏడవ వారం లోపు, గడిచిపోతుంది. చైనా మనస్తత్వశాస్త్రజ్ఞుడు జింగ్‌యాంగ్ క్వో 1930లో ప్రకటించిన ప్రయోగాలలో ఎలుకలతో కలిసి ఒకే బోనులో పెరిగిన పిల్లులు పెద్దయ్యాక ఆ రకం ఎలుకలను చంపలేదు. పిల్లీ ఎలుకా విషయంలోనే పెంపకం ఇంత పని చేసినప్పుడు కుక్కా పిల్లీ విషయంలో ఆశ వదులుకోవడానికి కారణం లేదు.

ఈ ఆశకు నేరుగా ఆధారం టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఉంది. ఒకే ఇంట్లో ఉన్న కుక్కా పిల్లుల జంటలను వారు గమనించినప్పుడు, పిల్లి ఆరు నెలల లోపు, కుక్క ఏడాది లోపు వయసులో పరస్పరం పరిచయమైన ఇళ్లలోనూ, పిల్లి ముందుగా వచ్చి కుక్క తరువాత చేరిన ఇళ్లలోనూ స్నేహం ఎక్కువగా కుదిరిందని తేలింది. ఈ ప్రసంగం ఉద్దేశించిన కుటుంబాలకు ఇది శుభవార్త, ఎందుకంటే వారి ఇంట్లో పిల్లి ఇప్పటికే ముందున్నది. ఆ అధ్యయనంలో మరొక అందమైన విషయం బయటపడింది. కుక్క శరీరభాషకూ పిల్లి శరీరభాషకూ వ్యతిరేకార్థాలు ఉంటాయి. కుక్క తోక ఊపితే సాధారణంగా సంతోషం, పిల్లి తోక అటూఇటూ కొట్టితే చిరాకు. అయినా కలిసి బతికే జంటలలో ఎక్కువ భాగం ఎదుటి ప్రాణి సంకేతాన్ని దాని అర్థంలోనే గ్రహించగలిగాయి.

భారతదేశంలో 2017 నాటి కుక్కల ప్రజనన, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లను అమ్మకూడదు. అంతకు ముందే తల్లి నుంచి వేరు చేసిన కుక్కపిల్ల తోబుట్టువులతో ఆడుతూ కాటు బలం తగ్గించుకోవడం నేర్చుకోదు. ఎనిమిదవ వారంలో వచ్చిన పిల్లకు స్కాట్, ఫుల్లర్ చెప్పిన దశలో మిగిలేది నాలుగు వారాలు. టీకాలు పూర్తికాని ఆ రోజుల్లో దాన్ని వీధిలోకి తీసుకువెళ్లకూడదు కనుక, ఆ ఇంటి పిల్లే దానికి మొదటి ఉపాధ్యాయుడవుతుంది. అయితే పన్నెండేళ్లు దాటి, కీళ్లనొప్పులతో నిద్రే సుఖంగా భావించే ముసలి పిల్లి మీదికి చురుకైన కుక్కపిల్లను వదలడం అన్యాయం. అటువంటి ఇంటికి మూడు నాలుగేళ్లు నిండిన, మునుపు పిల్లితో కలిసి బతికిన చరిత్ర స్పష్టంగా తెలిసిన నెమ్మది కుక్కే తగినది. పిల్లి స్వభావం కూడా ఎంపికలో భాగమే. కుక్కను చూసి కదలకుండా కూర్చుని, అవసరమైతే ఒకసారి బుసకొట్టి హద్దు చెప్పగల పిల్లి కుక్కకు నడత నేర్పుతుంది, చప్పుడు వినగానే పరుగెత్తే పిల్లి తెలియకుండానే కుక్కలోని తరిమే కొలికిని మేల్కొలుపుతుంది.

పరిచయం తొందరపాటుతో కుదరదు. మొదటి రోజుల్లో పిల్లికి ఒక గది పూర్తిగా కేటాయించి, ఒకదాని పక్కగుడ్డ మరొకదాని దగ్గర వేసి వాసనలు అలవాటు చేసి, పిదప తలుపుకు అటూఇటూ ఒకే వేళకు తిండి పెట్టి, ఆ తరువాతనే ఒకదానికొకటి కనిపించేట్టు చేయాలి. దోమల కోసం తెలుగు ఇళ్లలో పెట్టించుకునే జాలీ తలుపు, తీగె గట్టిదైతే, ఈ పనికి చక్కగా ఉపకరిస్తుంది. ఎదురెదురుగా కలిపే నాటికి కుక్క మెడపట్టీ మనిషి చేతిలో ఉండాలి గాని పిల్లి మాత్రం ఎవరి చేతుల్లోనూ ఉండకూడదు. ఎత్తుకున్న పిల్లి భయపడితే మొదట గాయపడేది ఎత్తుకున్నవారే. బీరువా పైభాగం, కిటికీ గూడు, అటక వంటి ఎత్తు చోట్లకు పిల్లి ప్రతి గదిలోనూ చేరగలగాలి. దాని తిండి గిన్నె కుక్కకు అందని ఎత్తులోనూ, లిట్టర్ ట్రే కుక్క దూరని మూలలోనూ ఉండాలి. పూర్వం పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టి మీద దాచేవారు, ఇప్పుడు పిల్లి తిండిని కుక్కకు అందకుండా దాచవలసి వచ్చింది. ఇది కేవలం గొడవ తప్పించే ఏర్పాటు కాదు: కుక్క శరీరం టారిన్ అనే పోషకాన్ని తానే తయారు చేసుకోగలదు, పిల్లి శరీరం తగినంత తయారు చేసుకోలేదు. కుక్కకు పెట్టే తిండినే, లేదా పెరుగన్నాన్నే పిల్లికి దీర్ఘకాలం పెడితే టారిన్ లోపంతో గుండె కండరమూ కంటిచూపూ దెబ్బతింటాయి.

ఆరోగ్యానికి సంబంధించి ఒక్క అంశాన్ని మిగిలిన వాటికంటె గట్టిగా చెప్పవలసి ఉంది. కుక్కలకు పట్టే పిడుదుల నివారణకు మెడ వెనుక వేసే చుక్కల మందులలోనూ, కొన్ని పొడులలోనూ, షాంపూలలోనూ పర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది. కుక్క శరీరం దీన్ని విరిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ కనుక, దానికి ఆ మందు వేస్తే వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. పిల్లికి వేయకపోయినా, మందు తడి ఆరని కుక్కను ఆనుకుని పడుకున్నా, దాని ఒళ్లు నాకినా అదే అపాయం. స్నేహం బాగా కుదిరిన ఇంట్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. కాబట్టి మందుల దుకాణంలో అడిగేటప్పుడు ఇంట్లో పిల్లి ఉన్నదని చెప్పాలి, పశువైద్యుని సలహా లేకుండా కుక్క మందు ఏదీ కొనకూడదు. రెండింటికీ రేబిస్ టీకా మూడు నెలల వయసు నుంచి వైద్యుడు చెప్పిన క్రమంలో తప్పక వేయించాలి. బయట తిరగని పిల్లికి అవసరం లేదనే భావన కుక్క వచ్చిన ఇంట్లో అసలే చెల్లదు.

కుక్క వచ్చిన తరువాత పిల్లి రెండు రోజులపాటు ఏమీ తినకపోతే అలక అని వదిలివేయడం ప్రమాదకరం, ఎందుకంటే తిండి మానిన పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం కలుగుతుంది. మగపిల్లి పదేపదే మూత్రానికి కూర్చుని చుక్క కూడా పోయలేకపోతే అదే రోజు వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. రెండు మూడు నెలలు ఓపికగా ప్రయత్నించినా కుక్క చూపు పిల్లి మీద బిగుసుకుపోతూనే ఉంటే, పిల్లి నేల మీదికి దిగడం మానివేస్తే, ఆ ఇంటికి ఆ కుక్క తగినది కాదని ఒప్పుకోవాలి. అందువల్ల కుక్కను తెచ్చుకునే ముందే, కుదరని పక్షంలో దాన్ని తిరిగి స్వీకరిస్తామన్న మాటను సంరక్షణ కేంద్రం నుంచో, ఇచ్చే యజమాని నుంచో తీసుకోవడం అవసరం. ఆ మాట ఇవ్వడానికి వెనుకాడేవారు కుక్క గతం గురించి కూడా పూర్తిగా చెప్పి ఉండకపోవచ్చు, అటువంటి చోట మరొక కుక్క కోసం ఎదురుచూడడమే పిల్లికీ కుక్కకూ మేలు.